ఉయ్యాల లేని పార్కు

"పార్కంటివే మామా, ఉయ్యాల యాడుండాది?"

అడిగింది మా తమ్ముడు. వాడికప్పుడు ఏడేళ్ళు. తిరుపతిలో మేముండే వీధి చివర మున్సిపాలిటీ పార్కొకటి ఉండేది. తుప్పుపట్టిన రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, బెంచీల మీద మధ్యాహ్నం పూట నిద్రపోయే మనుషులు. పార్కంటే వాడి లెక్కలో అంతే. చెక్‌పోస్టు పక్కన కొత్తగా నాటిన బోర్డు మీద 'శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం' అని ఉంటే ఎక్కడా తడబడకుండా చదివేశానని నేను మురిసిపోతున్నాను. ఉద్యానవనమంటే ఏందని వాడు, పార్కురా అని మామ, అయితే ఉయ్యాల యాడుండాదని మళ్ళీ వాడు.

మామ నవ్వలేదు. "ఉండాది. నడు, చూపిస్తా," అన్నాడు.

అది 1990 ఎండాకాలం. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల అడవిని అంతకు ముందటేడాది నేషనల్ పార్కు చేశారు. బోర్డు చూసేదాకా ఆ సంగతి మాకు తెలియదు. అప్పటిదాకా మాకది అడవి. అవ్వకు అడవి కూడా కాదు, కోన. "కోనకు పొయ్యొస్తా" అందంటే కట్టెలకో, ఈతాకుకో, సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకోవడానికో పోతోందని అర్థం. ఊరికే చూడ్డానికి కోనకు పోతారంటే అవ్వకు చివరిదాకా నమ్మకం కుదరలేదు. "ఏముండాది ఆడ చూసేదానికి? చెట్లు, రాళ్ళు" అనేది.

అవ్వ ఊరు నెరబైలు దగ్గర ఒక చిన్న పల్లె. బడికి సెలవులు ఇవ్వంగానే అమ్మ మమ్మల్ని తిరుపతిలో బస్సెక్కించేది. రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు బస్సు మూలుగుతూ, మలుపు మలుపుకూ హారన్ కొడుతూ పోయేది. మూడో మలుపులో తమ్ముడు కచ్చితంగా వాంతి చేసుకునేవాడు. కండక్టర్లకు కూడా ఈ సంగతి తెలిసిపోయి, అడక్కుండానే వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. ఘాట్ ఎక్కేశాక గాలి మారేది. అక్కడినుంచి వాడు మళ్ళీ మనిషయ్యేవాడు.

మామ అమ్మకు ఆఖరి తమ్ముడు. అడవిలో వాచరు. పైన ఖాకీ చొక్కా, కింద లుంగీ, కాళ్ళకు టైరు చెప్పులు. జీతమెంతో నాకు తెలియదు గానీ, చాలదని మాత్రం అవ్వ రోజూ అనేది. ఎండాకాలంలో ఆయన ఇంటిపట్టున ఉండేది తక్కువ. అడవికి అగ్గి పడే రోజులవి. వాలు మీద కసువు చెక్కి, ఎండుటాకు ఊడ్చి, నిప్పు దాటకుండా ఫైర్‌లైన్లు గీసి పెట్టాలి. పెట్టినా నిప్పు దాటేది. ఎక్కడన్నా పొగ లేచిందంటే పచ్చికొమ్మలు విరుచుకుని పరుగెత్తడమే. ఒకసారి నాలుగు రోజులు ఇంటికి రాకుండా, వచ్చినప్పుడు కనుబొమలు కాలిపోయి వచ్చాడు. కనుబొమలు లేని మామను చూసి మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బోద కసువు పరక ఒకటి తెంపి, వేళ్ళతో నలిపి మా ముక్కుల దగ్గర పెట్టింది కూడా ఆ సెలవుల్లోనే. నిమ్మకాయ వాసన. అవ్వ ఇంటి కప్పు ఆ బోదదే. వానకు తడిసినప్పుడు ఇల్లంతా వచ్చే వాసన ఏదో నాకప్పుడు తెలిసొచ్చింది. "కాలేటప్పుడు గూడా ఇట్లే మంచి వాసనొస్తాది. అదే దీంతో వచ్చిన చిక్కు," అన్నాడు మామ.

ఆయనతో అడవికి పోవాలంటే రెండు షరతులు. తెల్లచొక్కా, ఎర్రగౌను వేసుకోగూడదు. పులుందా అని అడగగూడదు. "పులి లేదు. చిరుత ఉండాది. అది మిమ్మల్ని చూస్తాది, మీరు దాన్ని చూడరు. ఇంక దాని సంగతి మర్చిపోండి."

మేమెక్కడ మర్చిపోతాం. చిరుత ఎక్కడో పొదల్లోంచి మమ్మల్ని చూస్తోందన్న మాటతో అడవంతా కళ్ళయింది. ఆ భయం మా నోళ్ళు మూయించింది. ఆయన కోరుకున్నదీ అదేనేమో.

మేం పోయే ఆ కోన పేరు తలకోన. అంటే శేషాచలానికి తల అని చెబుతారు. తమ్ముడికి దీనిమీద గట్టి అభ్యంతరం. ఆదిశేషుడి పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలమని బళ్ళో అయ్యవారు చెప్పాడు గదా, మరి తల ఇక్కడికెట్లా వచ్చింది? "పాము తల తిప్పదా ఏంది?" అన్నాడు మామ. ఆ జవాబుతో వాడు ఊరుకున్నాడు. నేనింకా ఊరుకోలేదు.

సిద్ధేశ్వరుడి గుడి వెనక నుంచి జలపాతానికి దారి. 270 అడుగుల ఎత్తునుంచి పడుతుందని అందరూ చెప్పుకునే నీళ్ళు ఎండాకాలంలో పంచె అంచంత కూడా ఉండవు. బండను పట్టుకుని జారుతూ, సగంలో గాలికి చెదిరి, కిందికి తుంపరగా వస్తాయి. వానల్లో చూసినవాళ్ళు ఇంతేనా అని మొహం చిట్లిస్తారు. నీళ్ళు లేనప్పుడే కోనను చూడాలనేది మామ వాదం. ఎందుకో చెప్పలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఒక పలకరాయి మీద ఆనించి పెట్టాడంతే.

రాతిమీద అలలున్నాయి. చెరువులో నీళ్ళు తగ్గాక ఒడ్డున ఇసుకమీద మిగిలే గీతలు చూశారుగా, సన్నగా, దగ్గరదగ్గరగా, ఒకదాని వెనక ఒకటి. అచ్చం అవే, రాతిలో. తమ్ముడు గోటితో గీకాడు. రాలలేదు. "ఇసకా మామా ఇది?" అన్నాడు. "ఒకప్పుడు ఇసకేనేమో. నీళ్ళు యాడైనా ఇట్లే గదా నడిచేది," అన్నాడాయన. మామ చదివింది ఐదో తరగతి. ఆ రాయి పేరు క్వార్ట్‌జైట్ అనీ, నూరు కోట్ల ఏళ్ళకు పైబడిన సంగతనీ, ఈ కొండల చోట అప్పుడు లోతులేని సముద్రముండేదనీ, ఆ ఒడ్డు ఇసుకే గట్టిపడి ఈ బండలైందనీ నేను డిగ్రీలో చదువుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకు బాగానే రాశాను. రాస్తున్నంతసేపూ నా కళ్ళముందున్నది పాఠ్యపుస్తకంలో బొమ్మ కాదు, గోళ్ళలో మట్టి ఉన్న తమ్ముడి చెయ్యి.

ఉయ్యాల సంగతి మర్చిపోయామనుకున్నాం గానీ మామ మర్చిపోలేదు. నీడ చిక్కబడే చోట దారి వదిలి నాలుగడుగులు లోపలికి తీసుకుపోయాడు. అక్కడ చెట్ల మధ్య, నా నడుమంత లావున, తాడులా మెలికలు తిరిగి, నేలమీద పాకి, పైకి లేచి, ఒక చెట్టెక్కి, దిగి, ఇంకో చెట్టెక్కి పోతోంది ఒక తీగ. తీగ అనడానికి నోరు రాదు. గిల్లతీగ. తలకోనకు పోయినవాళ్ళు చాలామంది దానిమీద కూర్చుని ఫోటో దిగే ఉంటారు. ఎక్కడ మొదలైందో వెతుకుతూ తమ్ముడు కాసేపు దాని వెంట నడిచాడు. మొదలు దొరకలేదు. ఒకచోట అది కిందికి వంగి మళ్ళీ పైకి పోతూ, ఏడేళ్ళ పిల్లాడి ఎత్తుకు సరిగ్గా సరిపోయే పీటలా ఉంది.

"ఇదిగో నీ ఉయ్యాల. కూర్చో."

కూర్చున్నాడు. ఊగాడు. తీగ కదల్లేదు. వాడే కదిలాడు. ఇంకోసారి గట్టిగా ఊగాడు. పైనెక్కడో ఆకులు గలగలమని, ఒక పిట్ట అరుచుకుంటూ లేచిపోయింది. వాడు కింద ఊపితే పైన, కంటికి ఆనని చోట, ఏదో కదిలింది. వాడి మొహం చూడాలి మీరు. మున్సిపాలిటీ పార్కులో ఉయ్యాల ఎంత ఊపినా ఉయ్యాలే ఊగుతుంది. ఇక్కడ అడవి ఊగింది.

ఆ తీగకు కాసే కాయ తమ్ముడి భుజాల దాకా వస్తుంది. కత్తి ఒరలాగా, కణుపు కణుపుకూ నొక్కులతో. ఎండితే ఒక్కో కణుపే విడిపోయి రాలుతుంది. కణుపులో ఒక్క గింజ. మూడు వేళ్ళ వెడల్పు, బిళ్ళలా గుండ్రంగా, చింతగింజ రంగులో, నూనె రాసినట్టు నునుపు. గచ్చకాయను బండకేసి రుద్ది పక్కవాడికి చురక పెట్టిన పిల్లలకు ఈ గింజ చేతికొస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మామ చూడనప్పుడు జేబులు నింపుకున్నాం. మాతో వచ్చిన మామ కొడుకు, మా బావ, నెమలీక కూడా ఒకటి సంపాదించాడు.

మధ్యలో ఒక ఉడత సంగతి చెప్పాలి.

గుండం పక్కన బండమీద మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, "వంద లెక్కబెట్టండి. మనసులో. నోరు తెరిస్తే మళ్ళీ ఒకటి నుంచి," అన్నాడు మామ. తమ్ముడికి అరవై తొమ్మిది తర్వాత ఏమొస్తుందో ఎప్పుడూ అనుమానమే. నా మోచెయ్యి గిల్లి కళ్ళతో అడుగుతాడు. నేను వేళ్ళు చూపిస్తాను. మొదటి వందకు చీమలు. రెండో వందకు నీళ్ళలో మా నీడల చుట్టూ చేపపిల్లలు చేరాయి. మూడో వందలో ఉన్నప్పుడు మా నెత్తిన ఏదో రాలింది. పిప్పి. కొరికి వదిలేసిన కాయ పిప్పి. పైన కరకరమని నములుతున్న చప్పుడు. తలెత్తితే కొమ్మమీద కుంకుడుకాయ రంగు వీపు, మీగడ రంగు పొట్ట, ఒంటికన్నా పొడుగైన తోక కిందికి వేలాడుతూ. పిల్లంత ఉంది. బెట్లుడత. వెనక కాళ్ళమీద కూర్చుని, రెండు చేతులతో కాయ తిప్పుకుంటూ, మా అవ్వ మొక్కజొన్న కంకి తిన్నట్టే తింటోంది. మమ్మల్ని చూసింది. తినడం ఆపలేదు. కాయ అయిపోయాక లేచి, ఆ కొమ్మ చివరిదాకా నడిచి, కొమ్మ వంగాక, ఏమీ లేని గాల్లోకి దూకింది. రెండు నిలువుల దూరంలో ఇంకో చెట్టు కొమ్మ ఊగింది. అంతే.

తమ్ముడు అరవై తొమ్మిది దగ్గరే ఉన్నాడు. నోరు తెరిచే ఉన్నాడు గానీ మాట రాలేదు. మామ లెక్కపెట్టలేదు దాన్ని.

ఆ ఉడత నేలమీదికి దిగడం బహు అరుదనీ, కొమ్మల మీద పుల్లలతో ఆకులతో బంతిలాంటి గూళ్ళు ఒకటికి నాలుగు కట్టుకుంటుందనీ, చెట్టుకూ చెట్టుకూ మధ్య సందు పెద్దదైతే దాని దారి తెగిపోయినట్టేననీ తర్వాత చెప్పాడు. మేం అడిగాకే చెప్పాడు. ఏదీ ముందుగా వేలెత్తి చూపించే అలవాటు ఆయనకు లేదు. నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇంతవరకూ ఆ అలవాటు చేసుకోలేకపోయాను.

ఒక రాత్రి టార్చిలైటును అరచేత్తో మూసి, వేళ్ళ సందుల్లోంచి వచ్చే ఎర్రని కాస్త వెలుగులో దేవాంగపిల్లిని చూపించాడు. రెండు కళ్ళు, సన్నని కాళ్ళు, కొమ్మను పట్టుకుని, గోడమీద గడియారం ముల్లంత నిదానంగా నడుస్తోంది. మంత్రాలకనీ మందులకనీ దాన్ని పట్టుకుపోయేవాళ్ళమీద మామకు ఎంత కోపమో, ఆయన నోట బూతులు విన్నది ఆ ఒక్క రాత్రే.

తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర ఆపాడు. ఆపింది గార్డు కాదు, మా మామే.

"జేబుల్లో ఏముండాదో తియ్యండి."

ముందటేడాది దాకా లేని మాట ఇది. బలుసుపండ్లు, కలివిపండ్లు ఒడినిండా తెచ్చుకునేవాళ్ళం. ఆయనే కొమ్మ వంచి కోసి పెట్టేవాడు. ఇప్పుడేమైంది? "ఇప్పుడు పార్కయింది. ఎండుటాకైనా సరే, యాడిది ఆడనే ఉండాల." బల్లమీద గిల్లగింజలు ఒక్కొక్కటే చప్పుడు చేసుకుంటూ పడ్డాయి. నెమలీక పడింది. తమ్ముడి జేబులోంచి ఒక ఎండిన చిప్ప, రెండు రంగురాళ్ళు, ఎప్పటిదో బెల్లం ముక్క. బెల్లం వాడికి తిరిగిచ్చేశారు. నోటినిండా బలుసుపండ్లు పెట్టుకుని బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డ బావను చూసి, "మింగు. కడుపులోది లెక్కకు రాదు," అన్నాడు మామ.

తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికేనేమో, మూలన పడి ఉన్న చెక్కపేళ్ళ కుప్పలోంచి రెండు తీసుకున్నాడు. దొంగల దగ్గర పట్టుకున్న దుంగలు చెక్కినప్పుడు రాలినవి. ఒకటి మామూలు కట్టె. ఒకటి ఎర్రచందనం చేవ. రెండూ బొక్కెన నీళ్ళలో వేశాడు. ఒకటి తేలింది. ఎర్రది రాయిలా బుడుంగున మునిగింది. తమ్ముడి ఏడుపు ఆగిపోయింది. చెయ్యిపెట్టి తీసి మళ్ళీ వేశాడు. మళ్ళీ మునిగింది. చెట్టన్నది నీళ్ళలో మునుగుతుందని వాడికప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఎర్రచందనం అనంగానే ఇప్పటి పిల్లలకు 'పుష్ప' సినిమా గుర్తొస్తుంది. తప్పు వాళ్ళది కాదు. దుంగ చూశారు, లారీ చూశారు, గొడ్డలి చూశారు. ఆకు చూడలేదు. మూడాకులు, బొద్దుగా, మారేడుకన్నా వెడల్పుగా ఉంటాయి. అదే జాతిలోని వేగిసకైతే ఐదు నుంచి ఏడాకులుంటాయి. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. గొడ్డలి వేటు పడ్డ చోట కారేది చూస్తే రక్తమే అనుకుంటారు ఎవరైనా. కాయ ఒక నాణెం చుట్టూ పల్చని రెక్క కుట్టినట్టుంటుంది, లోపల ఒకటే గింజ. ఎండాకాలం గాలికి తిరుగుతూ రాలుతుంది. కడప, చిత్తూరు, నెల్లూరు కొండలు, వాటి చుట్టుపక్కల తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా తనంతట తాను పుట్టని చెట్టు అది. మన వాకిట్లో చెట్టు మనకు సినిమాలో కనిపించాల్సొచ్చింది. మామ చూసి ఉంటే ఏమనేవాడో.

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

కిందటి దసరా సెలవులకు తమ్ముడి పిల్లలు బెంగళూరు నుంచి వచ్చారు. పాపకు పదకొండు, బాబుకు ఎనిమిది. తలకోనకు తీసుకుపోతానని నేనే అన్నాను. పోయేముందు రెండు రాత్రులు పుస్తకాలు తిరగేశాను. అదే నేను చేసిన తప్పు. కారు దిగింది మొదలు నా నోరు ఆగలేదు. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారని బోర్డు దగ్గర చెప్పాను. అదిగో పేరీత, తాటిచెట్టులా ఉంటుంది గానీ తాటి కాదు, పూలు పూసే చెట్లకన్నా పాత వంశం, ఈ కొండల్లో తప్ప దొరకదు అని చెప్పాను. అదిగో తోకపిగిలిపిట్ట అన్నాను. వాళ్ళు తల తిప్పేలోపు అది లేదు. "పులి ఎప్పుడొస్తుంది అత్తా?" అన్నాడు బాబు. పులి లేదన్నాను. అయితే ఎందుకొచ్చామన్నట్టు చూశాడు. సఫారీ జీపుల్లో పులిని చూపిస్తామని అమ్మే టిక్కెట్లు పిల్లలకు చేసిన చెరుపు ఇది. పులి కనబడని రోజున అడవంతా వాళ్ళకు ఖాళీ అయిపోతుంది.

గుండం దగ్గర వంద లెక్కపెట్టే ఆట పెట్టాను. ఇరవై దాకా కూడా రాలేదు. అవతలి బండమీద విహారానికొచ్చిన గుంపొకటి స్పీకరు పెట్టుకుని పాటలు వింటోంది. ఉడత కాదుగదా, ఊరకుక్క కూడా నిలబడదు ఆ మోతకు. నేను గొంతు పెంచి మళ్ళీ ఏదో మొదలుపెట్టాను.

"అత్తా, ఇది క్లాసా?" అంది పాప.

చెంప పగిలినట్టయింది. ఒక పక్కన నీడలో కూర్చున్నాను. మీ ఇష్టం, నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, నాకు కనిపించే చోట ఉండండి అన్నాను. అప్పుడు, నేనేమీ చెప్పడం మానేశాక, పది నిమిషాలకు పాప కేక.

ఒక పెద్ద బండ ముందుకు వంగి గూడులా ఉన్న చోట, వంగి లోపలికి చూస్తోంది. తడి చల్లదనం, గబ్బిలాల వాసన. బండ లోపలి కప్పుకు తెల్లగా, గుండ్రంగా, పెళ్ళిలో పంచే పిప్పరమెంటు బిళ్ళలు ఎవరో వరసగా అంటించినట్టు ఉన్నాయి. ఇరవై ముప్పై ఉంటాయి. కొన్ని పగిలి డొల్లలు. కొన్నిటి చోట ఉత్త తెల్లని మచ్చలే. "ఎవరు అంటించారు?" అంది.

నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య పెట్టుకుని ఆపాను.

ముట్టుకోకుండా చూశారు ఇద్దరూ. గుడ్లని బాబు, కాదు ఏదో పురుగు గూళ్ళని పాప. గుడ్లయితే కింద పడవా? తలకిందులుగా ఎవరు పెడతారు? పక్షి పెట్టలేదు, గూడు లేదు. పాము పెట్టదు. ఇద్దరూ గొణుక్కుంటూ వాదించుకుంటూ, ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గించారు. ఎంతసేపో. అప్పుడు బండ నెర్రెలోంచి ఒక తల బయటికొచ్చింది. వెడల్పాటి వేళ్ళు. ఇంట్లో బల్లికన్నా పెద్దది. వాళ్ళను చూస్తూ నిలబడి, గొంతు కింద చర్మం టకటకమని కొట్టుకుంటూ, చటుక్కున వెనక్కి పోయింది.

"బల్లి!" అన్నాడు బాబు. పులిని చూసినా అంత గట్టిగా అనడు.

బంగారు బల్లి అని అప్పుడు చెప్పాను. "బంగారం ఎక్కడుంది? బ్రౌన్‌గా ఉంది," అంది పాప. జతకట్టే కాలంలో మగబల్లికి వస్తుందమ్మా ఆ పసుపు అన్నాను. చాలా తల్లులు ఒకే బండకు వచ్చి గుడ్లు అంటించిపోతాయనీ, ఏటేటా అదే చోటికి వస్తాయనీ చెప్పాను. వాళ్ళడిగినంతే చెప్పాను. బెడ్డోమ్ అనే దొర 1870లో తిరుపతి కొండల్లో దీన్ని చూసి పుస్తకాలకెక్కించాడు. ఇందాకటి పేరీతకు శాస్త్రవేత్తలు పెట్టింది ఆయన పేరే. 1870 తర్వాత ఈ బల్లి వందేళ్ళకు పైగా కంటపడక, 1980లలో మళ్ళీ దొరికిందని పరిశోధకులు రాశారు. మా మామ దాన్ని బండబల్లి అనేవాడు. పోయిందనీ తెలియదు ఆయనకు, దొరికిందనీ తెలియదు. ఎప్పుడు పోయినా ఆ బండ కిందే ఉండేది.

గిల్లతీగ దగ్గరికి కూడా పోయాం. బాబు కూర్చుని ఊపాడు. పైన ఆకులు కదిలాయి. వాడేమన్నాడో రాస్తే మీరు నమ్మరు, వదిలేస్తున్నాను.

గేటు దగ్గర ఇప్పుడు పోయేటప్పుడు ప్లాస్టిక్ బాటిళ్ళు వెతుకుతున్నారు. వచ్చేటప్పుడు జేబులెవరూ చూడలేదు. నేనే చూశాను. పాప రెండు గులకరాళ్ళు, ఒక గిల్లగింజ తీసి గట్టుమీద పెట్టింది. బాబు జేబులో ఏమీ లేవు. "నువ్వు చిన్నప్పుడు కూడా ఇచ్చేశావా అత్తా?" అన్నాడు.

ఇచ్చేశానని అబద్ధం చెప్పాను.

1990లో ఆ బల్లమీద అందరి గింజలూ పడ్డాయి, ఒక్కటి తప్ప. నా లంగా నడుము మడతలో ఉన్నదాన్ని మామ అడగలేదు, నేను తియ్యలేదు. పెళ్ళయ్యాక పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో వచ్చింది. అద్దె ఇళ్ళు ఆరు మారాను, ప్రతి ఇంటికీ వచ్చింది. ఇప్పుడు నా బల్ల సొరుగులో రబ్బరు స్టాంపు పక్కన ఉంది. రంగు కాస్త నల్లబడింది గానీ నునుపు తగ్గలేదు. బండకేసి రుద్దితే ఇప్పటికీ చురుక్కుమంటుంది. కిందటి నెల రుద్ది చూశాను.

నవంబరు వానలకు నీళ్ళు పడ్డాక మళ్ళీ పోతున్నాం. దాన్నీ తీసుకుపోవాలి. గేటు దగ్గర సంచి తెరిచి, ఇదేందమ్మా అంటే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.